శరణార్థి స్నేహితురాలు, ఉగాది భోజనం, పేపర్ ప్లేటు: ఒక జవాబు

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైనది ఇదీ. మీరు ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చదువుతున్నారు. కాబూల్ నుంచి వచ్చిన అమ్మాయి మీ క్లాస్‌మేట్. నోట్సులు ఇచ్చిపుచ్చుకున్నారు, సాయంత్రాలు బీచ్ రోడ్డులో కలిసి నడిచారు, బాగా దగ్గరయ్యారు. ఉగాదికి ఇంటికి పిలిచారు. అందరికీ స్టీలు కంచాల్లో వడ్డించిన మీ అమ్మగారు ఆ అమ్మాయికి మాత్రం పేపర్ ప్లేటు పెట్టారు. ఆమె నవ్వుతూనే తిని వెళ్లింది. అప్పట్నుంచి పలకరిస్తే పలుకుతోంది గానీ మునుపటి చనువు లేదు. ఎక్కువగా వాళ్ల దేశం వాళ్లతోనే ఉంటోంది. మా సంస్కృతులు ఇంత వేరు కాబట్టి ఇది ఇంతేనా, అమ్మతో మాట్లాడాలా, ఆమెకు సారీ చెప్పాలా అని అడిగారు.

నేను సోషల్ వర్క్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. దానికన్నా ముఖ్యంగా, కంచరపాలెం బర్మా క్యాంపులో ఒక ఇంటి కోడలిని. అన్నీ వదిలేసి వచ్చినవాళ్లూ, ఊళ్లో ముందునుంచీ ఉన్నవాళ్లూ ఎలా కలుస్తారో, ఎక్కడ ఆగిపోతారో ఇంట్లోనూ బయటా చాలా కాలంగా చూస్తున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. సంస్కృతులు వేరైనందువల్ల చెడిపోయిన స్నేహాలను నేను చాలా తక్కువ చూశాను. ఎప్పుడూ ఒకరే పెట్టేవాళ్లు, ఒకరే తినేవాళ్లు అయినందువల్ల చెడిపోయినవి మాత్రం బోలెడు చూశాను. తిండి, మతం, భాష, బట్ట ఇవన్నీ అడ్డం వస్తాయి, కాదనను. కానీ ఇద్దరూ సమానంగా నిలబడి ఉంటే వాటి గురించి అడుగుతారు, వాదించుకుంటారు, నవ్వుకుంటారు. ఒకరు పైన, ఒకరు కింద ఉన్నప్పుడే అవి గోడలవుతాయి.

ఇక పేపర్ ప్లేటు. ఆమె గమనించలేదేమో అని మీకు ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. గమనించింది. దేశం వదిలి వచ్చినవాళ్లు ఇలాంటివి అందరికన్నా ముందు గమనిస్తారు. ఏ ఇంట్లో తనను ఎక్కడ కూర్చోబెడుతున్నారు, ఏ గ్లాసులో నీళ్లిస్తున్నారు, ఎవరు చెయ్యి కలుపుతున్నారు, ఎవరు దూరం నుంచే నమస్కారం పెట్టి ఊరుకుంటున్నారు, ఇవన్నీ చూసుకుంటూ బతకడం వాళ్లకు అలవాటైపోతుంది.

మనం సాధారణంగా "ఆ అమ్మాయి సంస్కృతి" అడ్డం వచ్చిందేమో అని మొదలుపెడతాం. ఆ రోజు మీ ఇంట్లో అడ్డం వచ్చింది ఆమె సంస్కృతి కాదు, మనది. ఎంగిలి, మడి, మైల, ఎవరి చేతి నీళ్లు తాగొచ్చు, ఎవరి కంచం వేరుగా కడగాలి అన్నవి మనకు మరీ అలవాటైపోయి అసలు కనిపించవు. పనిమనిషికి విడిగా గ్లాసు పెట్టే ఇళ్లు విశాఖలో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఎండు చేపల వాసన వస్తుందని బాడుగకు ఇవ్వనన్న ఓనర్లూ ఉన్నారు, ఇదేమో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అంటే మనం మనవాళ్లకే చేస్తున్నది పరాయి దేశపు పిల్లకూ చేశాం. అలాగని "ఇది నీ ఒక్కదానికే కాదు, మావాళ్లకీ ఇలాగే చేస్తాం" అని ఆమెకు చెప్పి ఓదార్చబోకండి. అది ఓదార్పు కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకు తెలిసినదంతా అక్కడ మొదలైంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తీరం నుంచి మనవాళ్లు వేలకు వేలు బర్మా వెళ్లారు. రంగూన్ రేవులో, రైస్ మిల్లుల్లో కూలి చేశారు, రిక్షాలు లాగారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల బదులు బర్మా వాళ్లను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తేలాక బర్మా వాళ్లను పంపేశారు. ఆ కోపం అల్లర్లయి ఎందరో మనవాళ్ల ప్రాణాలు పోయాయి. అప్పుడు రెండు జాతుల గొడవ అన్నారు. మొదలైంది మాత్రం కూలి దగ్గర. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది అడవుల్లో, కొండల్లో నడిచి ఇండియా చేరారు. మిగిలినవాళ్లలో చాలామంది 1962లో నే విన్ సైనిక పాలన వచ్చి, తర్వాత దుకాణాలూ వ్యాపారాలూ ప్రభుత్వం లాగేసుకున్నాక ఓడలెక్కారు. మా అత్తగారి కుటుంబం అలా వచ్చిందే.

వచ్చినవాళ్లు తెలుగువాళ్లే. మాట తెలుగు, దేవుళ్లు మన దేవుళ్లే, ఊళ్లో చుట్టాలూ ఉన్నారు. అయినా ఇక్కడివాళ్లకు బర్మావాళ్లే అయ్యారు. ఆడవాళ్లు బుగ్గలకు థనకా అనే చెట్టు బెరడు గంధం పూసుకోవడం, మగవాళ్ల లుంగీ కట్టు, ఙపీ అనే ఊరబెట్టిన చేపల ముద్ద వాసన, అన్నీ వింతే. ప్రభుత్వం వాళ్లకు లోన్లు ఇచ్చింది, కాలనీలు కట్టించింది, ఉద్యోగాల్లో వయసు సడలించింది. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకే పెట్టారు. అది చూసి "మాకు లేనివి వీళ్లకా" అన్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి భాష ఒకటైతే చాలు, మతం ఒకటైతే చాలు అనుకునేవాళ్లకు నేను బర్మా క్యాంపునే చూపిస్తాను. అన్నీ ఒకటైనా స్నేహం దానంతట అది రాలేదు.

మరి ఎలా వచ్చింది? మా అత్తగారు రంగూన్‌లో పుట్టారు. తెలుగు గలగలా మాట్లాడేవారు గానీ చదవడం, రాయడం బర్మా లిపిలోనే. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. మొదట్లో ఆవిడ పాత చీరలు, మిగిలిన కూరలు తెచ్చిచ్చేవారు. మంచి మనసుతోనే. అత్తగారు వద్దనకుండా తీసుకునేవారు, కానీ ఆవిడ వచ్చే వేళకు తలుపు దగ్గరగా వేసేసేవారట. తిరిగి ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేనప్పుడు ఇచ్చే మనిషిని చూస్తేనే గుండె బరువెక్కేది అని నాతో చెప్పారు.

అది మారింది ఒక చీటీ వల్ల. పెద్దావిడ వీధిలో చీటీ నడిపేవారు. లెక్క తేలక గొడవలవుతుంటే ఒక రోజు పుస్తకం తెచ్చి అత్తగారి ఒళ్లో పడేసి, "నీకు లెక్కలొచ్చంట గదా, ఇది నువ్వే సూడు" అన్నారు. అత్తగారు పేర్లు, అంకెలు బర్మా అక్షరాల్లో రాసేవారు. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి గానీ మనకు ఒక్కటీ చదవడం రాదు. కట్టినవాళ్లవి నీలం సిరాతో, బాకీ ఉన్నవాళ్లవి ఎర్ర సిరాతో. వీధి మొత్తంలో ఇంకెవరికీ ఆ పుస్తకం అర్థమయ్యేది కాదు. అయినా పాట రోజు అందరూ వచ్చి, అత్తగారు చదివి చెప్పిన లెక్క ప్రకారమే డబ్బు కట్టేవారు. ఆ పుస్తకాల్లో ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అట్ట ఊడిపోయింది, ఎర్ర సిరా గోధుమ రంగులోకి తిరిగింది.

చీర ఇచ్చినన్నాళ్లూ మూసుకున్న తలుపు, పని ఒప్పజెప్పాక తెరుచుకుంది. ఆ తర్వాత అత్తగారు మోహింగా వండి పెద్దావిడకు పంపారు. అది చేపల పులుసులో అరటి దవ్వ వేసి, సేమ్యాలాంటి బియ్యపు నూడుల్స్‌తో తినే వంట. పెద్దావిడ "దవ్వ మేమూ వండుతాం, ఇలాక్కాదు" అని వంక పెట్టి మరీ తిన్నారట. ఆ వంక పెట్టిన రోజే తాము స్నేహితులమయ్యామని అత్తగారు అనేవారు. జాలిపడే మనిషి వంక పెట్టదు, బాగుంది అనేసి పక్కన పెడుతుంది.

దీన్నే చదువుకున్నవాళ్లు ఇంకోలా చెప్పారు. 1954లో గార్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ సైకాలజిస్టు, వేరు వేరు గుంపుల మనుషులు కలిసినంత మాత్రాన దురభిప్రాయాలు పోవు, దానికి కొన్ని షరతులున్నాయి అన్నాడు. ఆ కలయికలో ఇద్దరూ సమాన స్థాయిలో ఉండాలి. ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి. దానికోసం కలిసి పనిచెయ్యాలి. పైనున్నవాళ్ల మద్దతు ఉండాలి. మీ క్లాస్‌రూములో ఈ నాలుగూ ఉన్నాయి, అందుకే అక్కడ స్నేహం కుదిరింది. మీ భోజనాల గదిలో మొదటిదే లేదు, అందుకే అక్కడ దెబ్బ తగిలింది.

ఇక మీ స్నేహితురాలి దగ్గరకు వద్దాం. ఇండియా 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, మనకు శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం కూడా లేదు. మన యూనివర్సిటీకి వచ్చే అఫ్ఘాన్ పిల్లల్లో చాలామంది స్కాలర్‌షిప్ మీద, స్టూడెంట్ వీసాతో వచ్చినవాళ్లే. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి పోయేసరికి ఇక్కడ చదువుతున్నవాళ్లు ఒక్క రోజులో ఇల్లు లేనివాళ్లయ్యారు. కాగితం మీద విద్యార్థి, బతుకులో శరణార్థి. 2022 డిసెంబర్‌లో అక్కడ యూనివర్సిటీల్లో ఆడపిల్లల చదువు ఆపేశారు. 2023 చివర్లో ఢిల్లీలోని అప్పటి ఎంబసీ మూతపడి, పాస్‌పోర్టు లాంటి మామూలు పని కూడా టెన్షన్ అయిపోయింది. ఆమె తనను తాను ఏమనుకుంటుందో ఆమె ఇష్టం. మీరు మాత్రం ఎవరికీ "పాపం, వాళ్ల దేశం అలా అయిపోయింది" అని పరిచయం చెయ్యకండి. మీ చుట్టాలు "తాలిబన్లు నిజంగా కొడతారా అమ్మా" అని అడిగితే మాట మార్చండి. పండగ పూట భోజనం ముందు కూర్చున్న పిల్లను ఒక దేశం మొత్తానికి జవాబు చెప్పమనకూడదు.

ఆమె వాళ్ల దేశం వాళ్లతో ఉంటోందని మీకు బాధగా ఉంది. అది మీ మీద కోపమే అనుకోకండి. రోజంతా ఇంగ్లీషులో, వచ్చీరాని హిందీలో నెట్టుకొచ్చిన మనిషికి సాయంత్రం తన భాషలో విసుక్కునే చోటు కావాలి. పైగా వాళ్లంతా ఒకటి కారు. దరీ మాట్లాడేవాళ్లు, పష్తో మాట్లాడేవాళ్లు, తాజిక్, పష్తూన్, హజారా, ఉజ్బెక్, వాళ్లలో వాళ్లకు పాత గాయాలున్నాయి. ఆడపిల్లలైతే ఎవరితో తిరుగుతున్నారు, ఎవరింట్లో తిన్నారు అన్న మాట ఇక్కడి నుంచి కాబూల్ దాకా పోతుంది. మీతో చనువుగా ఉండటానికి ఆమె ఎంత ఖర్చుపెట్టుకుంటోందో మీకు తెలియకపోవచ్చు.

మీరు పట్టించుకోవాల్సింది ఇంకొకటుంది. అఫ్ఘాన్ ఇళ్లల్లో అతిథికి పెట్టడం పరువుకు సంబంధించిన విషయం. దస్తర్‌ఖాన్ అనే గుడ్డ నేల మీద పరిచి, ఉన్నంతలో మంచిదంతా అతిథి ముందు పెడతారు. వద్దంటే మళ్లీ మళ్లీ బలవంతం చేస్తారు, మన శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లలాగే. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల క్లాసు బయట ఏడాదంతా మీ దగ్గర తీసుకునే మనిషిగానే ఉండిపోయింది. ఊరు మీది, పండగ మీది, వంట మీది. పేపర్ ప్లేటు లేకపోయినా ఇది ఎక్కడో ఒక చోట ఆగేదే.

కాబట్టి మీరు ఆమె గదికి వెళ్లండి. మిమ్మల్ని పిలవమని మీరే అడగండి. "నీ చేతి బొలానీ తినాలనుంది" అని నోరు తెరిచి అడగండి. అది బంగాళాదుంపో ఆకుకూరో పెట్టి కాల్చే రొట్టె, మీరు శాకాహారులైనా ఇబ్బంది లేదు. ముందే చెప్పాల్సినవేవైనా ఉంటే ముందే చెప్పండి, అక్కడికి వెళ్లాక కంచం తోసెయ్యకండి. యాలకులు వేసిన గ్రీన్ టీ ఇస్తుంది, తాగండి. పెద్ద గిఫ్టు పట్టుకెళ్లి లెక్క సరిచెయ్యబోకండి. ఆ రోజు మీరు ఆమెకు బాకీ పడాలి, బాకీ ఉంచుకోవాలి.

ఇంకో సంగతి. వాళ్ల కొత్త సంవత్సరం నౌరోజ్ మార్చి 20, 21 తేదీల్లో వస్తుంది, మన ఉగాదికి కొన్నిసార్లు బాగా దగ్గర పడుతుంది. మనం ఆరు రుచులు కలిపి పచ్చడి చేసినట్టు, వాళ్లు ఏడు రకాల ఎండు పళ్లు, బాదం లాంటి పప్పులు నీళ్లలో నానబెట్టి హఫ్త్ మేవా చేస్తారు. తాలిబన్లు వచ్చాక నౌరోజ్‌కు ప్రభుత్వ సెలవు తీసేశారు. మీ ఇంట్లో ఉగాది చూస్తూ ఆమె ఏం తలుచుకుందో మనం ఊహించగలం. వచ్చే ఏడు రెండూ కలిపి చేసుకోండి, ఆమె గదిలో.

కొందరు అడుగుతారు, విశాఖ పక్కనే తొట్లకొండ, బావికొండ లాంటి పాత బౌద్ధ స్థలాలున్నాయి కదా, చలికాలం స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెటన్లతో మనకు ఇట్టే కలవాలి కదా అని. కలిసే దారి అది కూడా, కాదనను. కానీ స్వెట్టర్ల దుకాణంలో ఉన్న అమ్మాయి చాలాసార్లు ఒడిశాలో చంద్రగిరి దగ్గరో, కర్ణాటకలో బైలకుప్పెలోనో పుట్టి ఉంటుంది. ఒడియానో కన్నడమో మనకన్నా బాగా మాట్లాడుతుంది. అలాంటి పిల్లను బేరం మధ్యలో "మీ దేశం ఎప్పుడు వెళ్తారు" అని అడుగుతాం. 1959లో వాళ్ల తాతలు వచ్చారు, ఆమె ఎక్కడికి వెళ్తుంది? మా ఆయన్నీ చిన్నప్పుడు స్కూల్లో అలాగే అడిగేవారట.

ఇల్లు అద్దెకు దొరకడం గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ అది చిన్నది కాదు. విదేశీయులకు ఇల్లిచ్చిన ఓనరు 24 గంటల్లో వాళ్ల వివరాలతో ఒక ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ఈ పని తెలియక, పోలీసుల పేరు వింటేనే భయపడి చాలామంది ఓనర్లు లేదనేస్తారు. అన్నిసార్లూ అది ద్వేషం కాదు. మీలాంటి స్థానికులు పక్కన కూర్చుని ఆ ఫారం నింపి చూపిస్తే ఇల్లు దొరికిన సందర్భాలు నాకు తెలుసు. ఇలాంటి సాయం చెయ్యండి, కానీ ఆమె అడిగితేనే. అడగకుండా వీసా సంగతుల్లో తల దూర్చకండి.

అమ్మగారితో మాట్లాడమంటారా అన్నారు. మాట్లాడండి. విచారణలా కాదు. పండగ రోజు మడి అనుకున్నారో, మాంసం తినే పిల్ల అనుకున్నారో, మతం గుర్తొచ్చిందో, ముందు ఆవిడ నోటితో విననివ్వండి. తప్పు తప్పే అని చెప్పండి, గొంతు పెంచకుండా. తర్వాత వాదించి గెలవాలని చూడకండి. మన ఇళ్లల్లో అమ్మలు వాదనకు మారడం నేను పెద్దగా చూడలేదు, పనిలో మారడం చూశాను. ఆవకాయ రోజుల్లో ఇంట్లో ఎన్ని చేతులున్నా సరిపోవు. కాయలు తుడవాలి, టెంకె లోపలి పొర తియ్యాలి, ఆవపిండి కలపాలి. స్నేహితురాలికి ఇష్టమైతే, అమ్మగారు సరేనంటే, అలాంటి రోజున రమ్మనండి. జాడీ ముందు పక్కపక్కన కూర్చుని రెండు గంటలు పనిచేసినవాళ్లకు కంచాలు విడిగా పెట్టడం ఎవరికైనా కష్టమే. అమ్మగారు సిద్ధంగా లేకపోతే మాత్రం ఆ అమ్మాయిని ఇంటికి తీసుకెళ్లకండి. మీ ఇంటిని మార్చే పని ఆమెది కాదు.

సారీ చెప్పండి, ఒక్కసారే, నాలుగు మాటల్లో. "మా ఇంట్లో నీకు వేరే ప్లేటు పెట్టారు. అది తప్పు. నేను ఆ రోజే మాట్లాడాల్సింది." అంతే. మా అమ్మ మంచిదే, పాతకాలం మనిషి అని చేర్చకండి, అప్పుడు మిమ్మల్ని ఓదార్చే పని ఆమె మీద పడుతుంది. క్షమించావా అని అడగకండి. ఆమె ఏమీ అనకపోతే ఊరుకోండి.

ఆ తర్వాత ఆమెకు బాగా వచ్చిన పని ఏదో చూసి, అందులో మీకు నిజంగా సాయం కావాల్సింది అడగండి. స్టాటిస్టిక్స్ కావచ్చు, ప్రాజెక్టు రిపోర్టు కావచ్చు. ఉత్తుత్తి సాయం అడిగితే ఇట్టే తెలిసిపోతుంది. మీ చీటీ పుస్తకం ఏదో మీకే తెలియాలి.

ఇదంతా చేసినా ఆమె పాత చనువుకు రాకపోవచ్చు. వాళ్లలో చాలామంది చదువు అవ్వగానే ఢిల్లీకో, జర్మనీకో, కెనడాకో దారి వెతుక్కుంటారు. ఎప్పుడు ఎక్కడుంటామో తెలియనివాళ్లు కొత్త మనుషులకు మరీ దగ్గరవ్వడానికి వెనకాడతారు. అది మీ లోపమూ కాదు, ఆమె గర్వమూ కాదు. కాబట్టి సెమిస్టర్ పరీక్షల దాకా ఆగకుండా ఈ వారంలోనే మాట్లాడండి. ఆమె దూరంగానే ఉండాలనుకుంటే ఉండనివ్వండి, నోట్సు మాత్రం ఎప్పటిలాగే ఇవ్వండి, ఆమెవి అడిగి తీసుకోండి.